శివరాం మామ చిప్పల కర్ర

రత్న గది మూల గిన్నెలు కడిగే మోరీలో గొంతుక్కూర్చుని తాపీ తోముతోంది. చింతపండు, ఇసుక కలిపి రుద్దుతుంటే చేతులు మండుతున్నాయి.

"గట్టిగ తోము బిడ్డా! ఆ మూలకు సిమెంట్ ఇంక కనబడుతున్నది," అంది గడప దగ్గర కూర్చున్న నాయనమ్మ పెంటమ్మ.

"నీకెట్ల కనబడ్డది నాయినమ్మా? పొద్దున ఉప్పు డబ్బా అనుకొని సోడా డబ్బా తీసినవ్."

"నేను తాపీ తోమమన్న. నోరు తోమమనలే."

పొయ్యి దగ్గర పూరీలు వేయిస్తున్న అమ్మ గంగాబాయి కిసుక్కున నవ్వింది.

ఆ రోజు దసరా. ముంబయి కామాటిపురాలోని తెలుగువాళ్ళ చాల్‌లో, గదికో కుటుంబం ఉండే ఆ పాత మేడలో, ఆ వేళకి ప్రతి గది ముందూ ఇదే సందడి. గుమ్మాలకి బంతిపూల దండలు వేలాడుతున్నాయి. కడిగిన పనిముట్లు వరండా పొడుగునా ఆరుతున్నాయి. రత్న నాన్న బాలనర్సయ్య తాపీమేస్త్రి. దసరా నాడు ఆయన పనికి వెళ్ళడు. ఆయన తాపీ, గోడ నిలువు చూసే తూకం గుండు, ఇసుక మోసే గమేలా కూడా పనికి వెళ్ళవు. అవి శుభ్రంగా స్నానం చేసి, నూనె రాసుకుని, పసుపు కుంకుమలు పెట్టుకుని పీట మీద కూర్చుంటాయి.

"ఏడాదంత అవి మనకు బువ్వ పెడ్తయి. ఒక్కనాడు మనం వాటిని కూసోబెట్టి మొక్కాలె," అంటుంది నాయనమ్మ ఏటా. "పూజల పెట్టినంక రేపొద్దుగాల దాక ఎవ్వరు ముట్టొద్దు."

నాయనమ్మ చిడతలకి కూడా పూజ జరుగుతుంది. శనివారం భజనలో ఆమె వాటిని ఝల్లుమనిపిస్తుంది. రత్న వాటినీ బకెట్టులో వేసింది.

"ఇంకేమన్న ఉన్నయా బిడ్డా? పని చేసే వస్తువు ఒక్కటి కూడా మిగలొద్దు."

రత్న తల ఎత్తి గూటి వైపు చూసింది.

అక్కడ శివరాం మామ చిప్పల కర్ర ఉంది.

దాని అసలు పేరు క్యాస్టనెట్స్. పలకడం కష్టమని రత్న దానికి చిప్పల కర్ర అని పేరు పెట్టుకుంది. కింద నున్నటి చెక్క పిడి ఉంటుంది. పైన అరచేయంత పలక. ఆ పలకకి ఇటొకటి అటొకటి, గుంటగా చెక్కిన చెక్క చిప్పలు దారంతో కట్టి ఉంటాయి. పిడి పట్టుకుని ఊపితే చిప్పలు పలకకి తగిలి కటకటకట మంటాయి. వాన చినుకులు రేకుల మీద పడుతున్నట్టే ఉంటుంది.

శివరాం మామ పక్క గదిలోనే ఉంటాడు. ఒంటరివాడు. సినిమా పాటల రికార్డింగులలో పెద్ద ఆర్కెస్ట్రా వెనక నిలబడి చిన్న చిన్న వాయిద్యాలు వాయిస్తాడు.

"దూరదేశంల నాట్యం చేసేటోళ్ళు ఈ చిప్పలను బొటనవేళ్ళకు కట్టుకుంటరు," అని ఒకసారి చెప్పాడు. "నాకు అట్ల కుదరది. ఒక చేత్తో గంట కొట్టాలె, మల్ల గజ్జెలు ఊపాలె, మల్ల ఇది. విప్పుకుంట కట్టుకుంట కూసుంటే పాట అయిపోతది. అందుకే దీనికి పిడి. టక్కున తీసుడు, టక్కున పెట్టుడు."

ఆ చిప్పల కర్ర ఆయనకి గోవా మాస్టర్ ఇచ్చాడు. శివరాం మామకి పని నేర్పిన ముసలాయన. ముంబయిలో ఎన్నో ఏళ్ళు వాయించి, చేతులు వణకడం మొదలయ్యాక సొంత ఊరికి వెళ్ళిపోయాడు. సాగనంపడానికి మామ భావుచా ధక్కా రేవుకి వెళ్ళాడు. స్టీమరు ఎక్కబోతూ ముసలాయన సంచిలోంచి దీన్ని తీసి చేతిలో పెట్టాడట. "ఇది మాట్లాడినన్ని రోజులు నేను బాగున్ననుకో," అని నవ్వాడట. తర్వాత స్టీమరు కూత పెట్టింది. ఈ మాట చెప్పేటప్పుడు శివరాం మామ ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాడు.

నిన్న ఆయన గదికి సున్నం వేయించుకుంటూ దీన్ని తెచ్చి రత్నకి ఇచ్చాడు.

"సున్నం చుక్కలు పడ్తున్నయి బేటా. ఇది మీ ఖోలీల గూట్ల ఉండనీ. రేపంత నాకు దాదర్‌ల పండగ ప్రోగ్రాం ఉన్నది. ఎల్లుండి పొద్దుగాల తీస్కుంట. ఆవలెల్లుండి రికార్డింగు. వాయిద్యాలన్ని ఆగిపోయి ఇదొక్కటే మోగే చోటున్నది, తెల్సా? జాగ్రత్తగ చూస్కో."

"చూస్కుంట మామా," అంది రత్న.

జాగ్రత్తగా చూసుకోవడం అంటే ఏమిటి? ఇప్పుడు రత్నకి బాగా అర్థమయింది. ఇల్లంతా పండగ చేసుకుంటుంటే దీన్నొక్కదాన్నే గూట్లో వదిలేయకపోవడం. ఇది కూడా మామకి బువ్వ పెడుతుంది కదా! పైగా పిడి మీద ఎండిన సున్నం చుక్క ఒకటుంది.

రత్న దాన్ని తీసి బకెట్టులో వేసింది. తాపీతో, చిడతలతో కలిసి అది చాలాసేపు నీళ్ళల్లో నానింది. తర్వాత సున్నం చుక్క పోయేదాకా తోమింది. కొబ్బరినూనె రాసింది. చిప్పల లోపల వేలు పెట్టి మరీ రాసింది. చెక్క నల్లగా నిగనిగలాడింది. పలక మీద పసుపు, రెండు చిప్పల మీదా కుంకుమ బొట్లు. పెళ్ళికూతురిలా ఉంది.

"ఇదేంది, కొత్త చిడతలా?" నాయనమ్మ కళ్ళు చికిలించింది.

"కాదు. శివరాం మామది."

"మంచి పని చేసినవ్ బిడ్డా. ఒంటిగాడు. ఆయనకు ఎవరు చేస్తరు?"

రత్న ఉబ్బిపోయింది. మామకి తెలిస్తే ఎంత సంతోషిస్తాడో! కానీ అప్పుడే చెప్పకూడదు. ముందు ఆయన చేతిలో పెట్టి, ఊపి చూసుకోనిచ్చి, అప్పుడు చెప్పాలి.

సాయంత్రం పిల్లలందరూ, అక్కడ జమ్మి ఆకుల్లా బంగారమని పంచుకునే ఆప్టా ఆకులు పట్టుకుని "బంగారం తీస్కోండ్రి" అంటూ గది గదికీ తిరిగారు. రత్న కూడా తిరిగింది. శివరాం మామ గదికి తాళం ఉంది. ఆయన కోసం ఒక ఆకు తలుపు సందులో దోపి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నాన్న పనికి వెళ్ళిపోయాడు. నాయనమ్మ చెల్లెలికి బంగారం ఇవ్వడానికి వర్లి వెళ్ళింది. రత్న చిప్పల కర్ర మీది పసుపు కుంకుమలు, నూనె జిడ్డు గుడ్డతో తుడిచి ఎదురు చూస్తూ కూర్చుంది.

శివరాం మామ వచ్చాడు. ఆయన చొక్కా జేబులో ఆప్టా ఆకు ఉంది.

"ఏం బేటా, నా బంగారం నువ్వే పెట్టినవా?"

రత్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చిప్పల కర్ర అందించింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. మామ అలవాటుగా ఒక్కసారి ఊపాడు.

తప్.

మామ నవ్వు ఆగిపోయింది. మళ్ళీ ఊపాడు.

తప్. తపతప.

తడి చెప్పులు వేసుకుని ఎవరో నడుస్తున్నట్టుంది. మామ చిప్పల్ని వేలితో మీటాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు. వెలుతురులోకి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూశాడు.

"మొన్న మంచిగనే ఉండె కదా! ఎవరన్న ముట్టిన్రా దీన్ని?"

రత్న చెబుదామనుకుంది. కానీ ఆమె తల తనంతట తానే అడ్డంగా ఊగింది. లేదు అన్నట్టు. ఎందుకలా ఊగిందో రత్నకే తెలియలేదు.

"మరి ఏమైనట్టు?" అని గొణుక్కుంటూ మామ వెళ్ళిపోయాడు.

రత్న అక్కడే నిలబడిపోయింది.

ఏమైంది? తనేమీ పగలగొట్టలేదు. కింద పడేయలేదు. పూజ చేసింది. అంతే కదా! పీట దగ్గరికెళ్ళి చిడతలు తీసి కొట్టింది. ఝల్లుమన్నాయి. నిన్న వీటితో పాటే కడిగిన పాత తాపీ గూట్లో ఉంటే చెంచాతో కొట్టి చూసింది. ఖంగుమంది. అన్నిటికీ ఒకే నీళ్ళు, ఒకే నూనె, ఒకే పసుపు. మరి ఇదొక్కటే ఎందుకు మూగపోయింది? పూజలో ఏదైనా తప్పు జరిగిందా? అడక్కుండా పెట్టినందుకు అమ్మవారికి కోపం వచ్చిందా? లేకపోతే మామే సరిగ్గా ఊపలేదా?

"అమ్మా, పూజ చేస్తే వస్తువు పాడైతదా?"

"పూజ చేస్తే ఎట్ల పాడైతది? అవేం మాటలు?" అంది అమ్మ, చేతి పని ఆపకుండా. "నిన్నటి పూరీలున్నయి, తిను."

పాడవదు అంది అమ్మ. కానీ పాడయింది. రత్న పూరీ నోట్లో పెట్టుకుంటే నూనె వాసన వేసింది. పక్కన పెట్టేసింది.

గోడ అవతల నుంచి చప్పుడు వినిపిస్తూనే ఉంది. తప్. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ తపతప.

వరండాలో బట్టలు ఆరేస్తున్న ముత్తమ్మ అరిచింది. "ఏమయ్యా శివరాం! నీ చెక్కకు జలుబు చేసినట్టుంది. మిరియాల కషాయం తాగించు!"

ఎప్పుడూ ముత్తమ్మ ఒకటంటే మామ రెండంటాడు. ఈవేళ ఒక్కటి కూడా అనలేదు.

రత్న మెల్లగా వెళ్ళి ఆయన కిటికీలోంచి తొంగి చూసింది. గది నిండా కొత్త సున్నం వాసన. మామ చాప మీద కూర్చున్నాడు. ఒక చేతిలో చిప్పల కర్ర, ఇంకో చేతిలో గరుకు కాగితం. చిప్ప లోపలి భాగానికి కాగితం ఆనించాడు. రుద్దలేదు. తీసేశాడు. మళ్ళీ ఆనించాడు.

"మామా, అది ఎందుకు?"

"ఏమో బేటా. చెక్క నల్లబడ్డట్టున్నది, ముసలిదైందేమో. లోపల కొంచెం గీకితే పలుకుతదేమో అని చూస్తున్న. కానీ గీకితే మల్ల అతుకనీకి రాదు." కాగితం కింద పెట్టేశాడు. "ఎంత వయసైంది దీనికి? మాస్టర్‌కు ఆయన మాస్టర్ ఇచ్చిండట."

దాన్ని మళ్ళీ ఒకసారి ఊపాడు. తప్.

"వానాకాలంల కూడా మంచిగ పలికేది. ఒక్క దినంల ఎట్ల మూగపోయింది?" మామ కర్రని ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది మాట్లాడినన్ని రోజులు బాగున్ననుకో అన్నడు. నవ్వుకుంటనే అన్నడులే. కానీ... ఆయనకు ఏమన్న అయిందా, రత్నా?"

ఈ సంగతి రత్నకి తట్టనే లేదు. తను బకెట్టు నీళ్ళల్లో వేసింది చిప్పల కర్రని. దానికీ, గోవాలో ఉన్న ముసలాయనకీ ఏమిటి సంబంధం? ఏమీ లేదు. లేదని ప్రపంచంలో రత్న ఒక్కదానికే తెలుసు.

మామ లేచి చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "గ్రాంట్ రోడ్ పోస్టాఫీసుకు పోయి గోవాకు తార్ కొట్టి వస్త. ఎట్లున్నరు అని అడుగుత. రికార్డింగు వాళ్ళకు కూడా చెప్పాలె, వేరేవాళ్ళను చూస్కోమని."

ఆయన చెప్పులు వేసుకుని మెట్ల వైపు నడిచాడు.

చెప్పేయాలి. కానీ చెబితే మామ ఇంక మాట్లాడడేమో! బేటా అనడేమో! తలుపు దగ్గరికి కూడా రానివ్వడేమో!

అప్పుడు రత్నకి యాదమ్మ గుర్తొచ్చింది.

యాదమ్మ వాళ్ళు ఇదే వరండా చివరి గదిలో ఉండేవాళ్ళు. ఒకరోజు రత్న ఆమె ఆడుకునే తాడు తెంపింది. అడిగితే నేను కాదంది. యాదమ్మ చిటికెన వేలు చూపించి, ఇక నీతో మాట్లాడనని కట్టీ చెప్పింది. రత్న కూడా కట్టీ అంది. రేపు మాట్లాడదాం, ఎల్లుండి మాట్లాడదాం అనుకుంటూనే ఉంది. ఈలోగా మిల్లుల సమ్మె ఎంతకీ తెగక యాదమ్మ నాన్న పని పోయింది. వాళ్ళు సామాను కట్టుకుని పాలమూరు వైపు తమ ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు యాదమ్మ టాక్సీ కిటికీలోంచి పైకి వరండా వైపు చూసింది. రత్న తలుపు వెనక ఉంది. తీరా ఆమె బయటికి పరుగెత్తుకొచ్చేసరికి టాక్సీ గల్లీ మలుపు తిరిగిపోయింది.

ఆ తాడు నేనే తెంపాను అన్న మాట ఇప్పటికీ రత్న దగ్గరే ఉండిపోయింది.

మామ చెప్పుల చప్పుడు మెట్లు దిగుతోంది.

"మామా! ఆగు మామా!"

రత్న పరుగెత్తింది. మెట్ల మలుపులో ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

"తార్ కొట్టకు! మాస్టర్‌కు ఏం కాలే! నేనే చేసిన. నేనే కడిగిన!"

"ఏం కడిగినవ్?"

"చిప్పల కర్ర. దసరా కదా! నాయిన తాపీతోటి దాన్ని కూడా బకెట్ల వేసిన. తోమిన. నూనె పెట్టిన. పసుపు, కుంకుమ... నీకెవరు లేరు కదా, నీ పనిముట్టుకు ఎవరు పూజ చేస్తరు అని... ముట్టలేదని చెప్పింది అబద్ధం. తల అట్ల ఊగింది. ఎందుకు ఊగిందో నాకే తెల్వది."

ఇక ఏడుపు వచ్చేసింది.

శివరాం మామ మెట్టు మీద కూలబడ్డాడు. రత్న ఆయన చిటికెన వేలు వైపే చూస్తోంది. అది కదలలేదు.

"నీళ్ళల్ల వేసినవా?" అన్నాడు చివరికి.

"ఊఁ."

"నూనె కూడా పట్టించినవా?"

"లోపల కూడా."

మామ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడా? రత్నకి భయం వేసింది. వంగి చూసింది. ఆయన నవ్వుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. ఇది నవ్వో ఏడుపో ఆమెకి అర్థం కాలేదు.

"అంటే మాస్టర్ మంచిగున్నడు," అన్నాడు. "దీనికెవరో తానం చేయించిన్రు, అంతే."

అంతలోనే ఆయన మొహం గట్టిపడింది.

"అరె, ఒక్క మాట అడగొద్దా? ఇనుమును, చెక్కను ఒక్క తీరుగ కడుగుతరా? పొద్దుగాల నేను అడిగినప్పుడు చెప్పినా ఒక పూట మిగిలేది! నేను గరుకు కాగితం పెట్టి గీకి ఉంటే ఏమయ్యేది?"

రత్న తల వంచుకుంది. మామ కోప్పడ్డాడు. నిజంగానే కోప్పడ్డాడు. కానీ ఎందుకో, పొద్దుటి నుంచి ఛాతీ మీద కూర్చున్న బరువు కొంచెం జరిగింది.

"చిడతలకేం కాలే కదా మామా?" అంది ముక్కు తుడుచుకుంటూ. "అవి కూడా చెక్కవే కదా?"

"చిడతలు మందంగ ఉంటయి. వాటి మోత సగం బిళ్ళలది. దీనికి గజ్జెలు లేవు, బిళ్ళలు లేవు. పల్చటి చెక్కనే దీని గొంతు. గొంతు నిండ నీళ్ళు, నూనె పోస్తే నువ్వు మాట్లాడ్తవా?"

రత్న తల ఊపింది. ఈసారి కావాలనే.

"లే. ఏడుపు మానెయ్. ఎండిన గుడ్డలున్నయా మీ ఇంట్ల?"

మధ్యాహ్నమంతా ఇద్దరూ మామ గదిలో కూర్చున్నారు. మామ దారాలు విప్పి చిప్పల్ని వేరు చేశాడు. రత్న ఒక్కో చిప్పనీ పాత గుడ్డతో తుడిచింది. గుడ్డకి నూనె అంటుతూనే ఉంది. ఇంకో గుడ్డ. మళ్ళీ ఇంకోటి.

"ఎండల పెడ్దామా మామా? తొందరగ ఎండుతది." ఆ మాట అన్నాక చటుక్కున ఆగింది. "పెట్టొచ్చునా?"

"పెట్టొద్దు. పగుల్తది. నీడల, గాలికి."

చిప్పల్ని కిటికీ పక్కన శుభ్రమైన కాగితం మీద పెట్టారు. పాత దారం లోపలి వైపు పసుపు రంగు ఎక్కి, నాని వదులైపోయింది. అది ఇంక పనికిరాదు.

సాయంత్రం నాన్న పని నుంచి వచ్చాడు. ఆయన సంచిలో గోడ తిన్నగా ఉందో లేదో చూసే లైన్‌దోరి కొత్త ఉండ ఉంది. సన్నగా, గట్టిగా ఉండే దారం. రత్న సంచి వైపు చెయ్యి చాచి, వెనక్కి తీసుకుంది.

"నాయినా, నీ లైన్‌దోరిల కొంచెం తీస్కోవచ్చునా? శివరాం మామ చిప్పలకు."

సంగతంతా అప్పటికే ముత్తమ్మ ఆయనకి మెట్ల దగ్గరే చెప్పేసింది.

"తీస్కో," అన్నాడు నాన్న కాళ్ళు కడుక్కుంటూ. "నయం, నా తూకం గుండుకు కూడా గొంతు పోలేదు."

అప్పుడే వర్లి నుంచి వచ్చిన నాయనమ్మ గడపలో కూలబడింది. "అయ్యో, నేను కూడా మంచి పని చేసినవ్ అంటిని కదా! నాకు తెల్వకపాయె."

"నీకు కండ్లు కనబడలే నాయినమ్మా. నాకు కనబడ్డయి. నేనే అడగలే," అంది రత్న.

మర్నాడు పొద్దున మామ కొత్త దారంతో చిప్పలు కట్టాడు. రత్న ఊపిరి బిగబట్టింది. మామ ఒకవైపు చిప్పని మీటాడు.

టక్.

"వచ్చింది!" రత్న ఎగిరింది.

మామ రెండోవైపు మీటాడు.

టొక్.

అది ఇంకా పూర్తిగా ఎండలేదు. గొంతు కొంచెం లోతుగా ఉంది. ఊపితే టకటొక టకటొక మంటోంది.

"సరిపోతదా మామా?"

"ఏమో. వాళ్ళు వినాలె." దాన్ని పొడి తువ్వాలులో చుట్టి చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఎంతకీ గడవలేదు. రత్న వరండాలో అటూ ఇటూ తిరిగింది. గల్లీలోకి వచ్చిన ప్రతి మనిషినీ చూసింది. దీపాలు పెట్టే వేళకి శివరాం మామ వచ్చాడు. మొహం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"ఏమన్నరు మామా?"

"మొదటిసారి వాయించంగనే మ్యూజిక్ డైరెక్టర్ సాబ్ చెయ్యెత్తి అందరినీ ఆపిండు. 'ఏందది?' అన్నడు. నా పని అయిపోయింది అనుకున్న. ఇంకోసారి వాయించమన్నడు. వాయించిన. మల్ల ఇంకోసారి. ఆయన కండ్లు మూసుకున్నడు. 'కానియ్యి' అన్నడు."

"అంటే నచ్చినట్టా?"

"నచ్చిందో, లేకపోతే ఆయనకు ఆకలైందో! ఎవరికి తెల్సు?" మామ నవ్వాడు. "అయితే బేటా, పాటల ఉన్నది మాత్రం మన టకటొకనే."

మన అన్నాడు. రత్న ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పడానికి గదిలోకి పరుగెత్తింది.

ఏడాది తిరిగింది. చిప్పల కర్ర గొంతు చాలావరకు పాత దారికి వచ్చింది. ఎప్పుడైనా వానాకాలంలో మాత్రం ఒకవైపు టొక్ మంటుంది. మాస్టర్ బాగున్నాడని గోవా నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. చేతుల వణుకు మాత్రం తగ్గలేదట.

మళ్ళీ దసరా వచ్చింది. నాయనమ్మ గడప దగ్గర కూర్చుని కేకలు వేస్తోంది.

"పనిముట్లన్ని తెచ్చినవా? ఒక్కటి కూడా మిగలొద్దు!"

రత్న లేచి పక్క గది తలుపు తట్టింది. ఆమె చేతిలో పొడి గుడ్డ ఉంది.

"మామా, చిప్పల కర్రను పూజల పెట్టొచ్చునా?"

శివరాం మామ గడ్డం గోక్కున్నాడు. "పెట్టు. ఎట్ల పెడ్తవ్?"

"నువ్వే చెప్పు. నీళ్ళు?"

"వద్దు."

"నూనె?"

"అసలే వద్దు."

"పసుపు, కుంకుమ?"

మామ ఆలోచించాడు. "కాగితం మీద పెట్టి పక్కన ఉంచు. దానికి కనబడ్తది, చాలు."

రత్న పొడి గుడ్డ పరిచి, దాని మీద చిప్పల కర్రని పడుకోబెట్టింది. పక్కనే చిన్న కాగితం మీద పసుపు, కుంకుమ. తాపీకీ, గమేలాకీ, చిడతలకీ పువ్వులు పెట్టేసింది. చివరిగా మిగిలిన బంతిపువ్వు చేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

పువ్వులు కడిగింది అమ్మ. రేకుల మధ్య ఇంకా నీళ్ళున్నాయి. విదిలిస్తే రెండు చుక్కలు ఆమె మోకాలి మీద పడ్డాయి.

"ఇంకెంతసేపు బిడ్డా? హారతి కర్పూరం కరిగిపోతున్నది!"

"కొంచెం ఆగు నాయినమ్మా," అంది రత్న. పువ్వుని అరచేతిలో పెట్టుకుని మెల్లగా ఊదుతోంది. "పువ్వు ఆరాలె."